బురదలో పిట్టల కబుర్లు

ఒరేయ్ మామా,

నిన్న పొద్దున్నే చిత్తడి నేలల వైపు వెళ్ళొచ్చాను. రమ్మంటే నిద్రే ముఖ్యమన్నావుగా, ఇప్పుడు ఇదంతా చదివి కుళ్ళుకో.

నేను వెళ్ళేసరికి పోటు తగ్గి బురద బయటపడుతోంది. పిట్టలకి అదే భోజనాల వేళ. ఎండ వీపు మీద పడేలా గట్టు మీద కూర్చున్నాను. ఎదురెండలో చూస్తే అన్నీ నల్ల మచ్చలే కదా! ముందు కనబడినవి బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు. ఆ పొడుగాటి గులాబీ కాళ్ళు చూశాక ఇంకేం సందేహం ఉంటుంది? తలనొప్పంతా వెనకున్న చిన్నవాటితోనే. చలికాలంలో అన్నీ ఒకటే బూడిద గోధుమ రంగు, పుస్తకంలో బొమ్మలు చూస్తే ఇంకా అయోమయం.

నన్నడిగితే రంగు వదిలేసి, ఎలా తింటున్నాయో చూడాలి. ప్లోవర్‌వి పెద్ద కళ్ళు, పొట్టి ముక్కు. గబగబా పరిగెత్తి టక్కున ఆగుతుంది, చూస్తుంది, ఒక్క పొడుపు పొడుస్తుంది. స్టింట్‌కి అంత ఓపిక లేదు. తలెత్తకుండా కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తూనే ఉంటుంది. కామన్ సాండ్‌పైపర్ నిలబడ్డా తోక ఆడిస్తూ దొరికిపోతుంది.

గాడ్‌విట్‌ల దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. అంత పొడుగు ముక్కునీ మొదలంటా బురదలో దించేస్తాయి. కంటికేమీ కనబడదు, ముక్కు చివరి స్పర్శతోనే పురుగు జాడ తెలుస్తుంది. పైగా ముక్కంతా తెరవక్కర్లేదు, లోపల కొస మాత్రం తెరిచి పట్టేస్తాయి!

ఇంతలో ఎక్కణ్ణించి వచ్చిందో ఒక కుక్క, మొత్తం గుంపుని లేపేసింది. తిట్టుకున్నాను గానీ, ఎగిరినప్పుడే కదా రెక్కల మీద తెల్లచార, తోక చివర నల్లపట్టీ కనబడి ఆ గాడ్‌విట్‌లు బ్లాక్ టెయిల్డ్ రకమని తేలింది. వీటి దగ్గరి చుట్టం బార్ టెయిల్డ్ గాడ్‌విట్ ఘనకార్యం విన్నావా? 2022లో ఐదు నెలల పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకి 11 రోజులు ఎక్కడా వాలకుండా ఎగిరింది. సుమారు 13,560 కిలోమీటర్లు! బయల్దేరే ముందు ఒళ్ళంతా కొవ్వు పట్టించి, పేగుల్లాంటి వాటిని కుదించేసుకుంటాయి. అందుకే ఆ కుక్క మీద నాకంత కోపం. ఊరికే ఎగిరితే తిన్నదంతా దండగ.

ఈసారి పోటు పెరిగేటప్పుడు వెళ్దాం, నీళ్ళే వాటిని గట్టు దగ్గరికి తోలుకొస్తాయి. నీ టెలిస్కోప్ తే. స్టాండ్ మర్చిపోతే మాత్రం ఊరుకోను.

నీ
పిట్టల పిచ్చోడు