ముందు గిన్నె పగలగొట్టరా, గ్లేజు సంగతి తర్వాత

ఒరేయ్ శీనూ,

బట్టీలోంచి తీసిన నీ మట్టి పాత్రల ఫొటోలన్నీ చూశాను. గిన్నెలకి పొక్కులు, ప్లేటుకి అడ్డంగా పగులు, తెల్ల జాడీ మీద సాలెగూడులా గీతలు. గ్లేజు (పాత్ర మీద గాజులా కరిగే పూత) రెసిపీ మొత్తం మార్చేస్తానంటున్నావు, కాస్త ఆగరా బాబూ.

ముందు బాగా ఉబ్బిన గిన్నె ఒకటి తీసుకుని సుత్తితో ఒక్కటివ్వు, ఎలాగూ దాన్నెవడూ కొనడు. విరిగిన చోట రెండు పక్కలా లేత రంగు ఉండి మధ్యలో నల్లటి చార కనిపిస్తే, పాపం గ్లేజు ఏ పాపమూ ఎరగదు. ఉబ్బింది మట్టే. బిస్క్‌లో, అదే గ్లేజు పూయకముందు కాల్చే మొదటి కాల్పులో, 700 నుంచి 900 డిగ్రీల మధ్య మట్టిలో ఉన్న కర్బనం కాలిపోవాలి, దానికి గాలీ కావాలి, టైమూ కావాలి. నువ్వేమో గ్యాస్ కలిసొస్తుందని గిన్నెలో గిన్నె ఇరికించి గబగబా వేడి పెంచేశావు. కాలకుండా మిగిలిన కర్బనం ఎర్రమట్టిలోని ఇనుము దగ్గర ఆక్సిజన్ లాక్కుంటుంది, అలా మారిన ఇనుము మట్టిని వేళకంటే ముందే మెత్తబరుస్తుంది, ఇక లోపల పుట్టే వాయువులకి బయటికి దారి ఉండదు. 1200 దాటాక ఉబ్బక ఏం చేస్తుంది?

ఈసారి వదులుగా పేర్చు, డ్యాంపర్ (పొగ దారిని మూసే పలక) బాగా తెరిచి ఉంచు, 900 దగ్గర ఓ గంట నిలబెట్టు. గ్లేజు కాల్చేటప్పుడు కూడా 900 లోపు రిడక్షన్ (గాలి తగ్గించి కాల్చడం) జోలికి పోకు. గ్లేజు మీద సూది గుచ్చినట్టున్న ఆ చిన్న చిల్లులు కూడా చాలావరకు దీంతోనే పోతాయి. పోకపోతే చివర్లో పై వేడి దగ్గరే పావుగంట ఆపి చూడు, గ్లేజు కరిగి సర్దుకుంటుంది.

ప్లేటు సంగతి వేరు. పగులు అంచు వేలితో తడిమి చూడు (జాగ్రత్త, కోసుకుంటుంది). పదునుగా ఉంటే చల్లారేటప్పుడు పగిలినట్టు, గ్లేజు పారి అంచు గుండ్రబడితే అంతకుముందే పగిలినట్టు. నాకైతే మొదటిదే అనిపిస్తోంది, ఎందుకంటే 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా కుంచించుకుంటుంది, వెడల్పాటి ప్లేటు ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడిగా ఉంటే తట్టుకోలేదు. ఏం వచ్చిందో చూడాలన్న ఆత్రంతో బట్టీ తలుపు ఓరగా తీయడం మానెయ్, 100 కిందికి దిగేదాకా ఆగు.

జాడీ గీతలకి మాత్రం గ్లేజుదే తప్పు. చల్లారేటప్పుడు అది మట్టికంటే ఎక్కువ ముడుచుకుంటోంది. సిలికా కొద్దికొద్దిగా పెంచి టెస్టు ముక్కల మీద చూడు, పూత కూడా పలచన చెయ్యి. అప్పటిదాకా ఆ జాడీలు ఆవకాయకని ఎవరికీ అమ్మొద్దు, మట్టి గట్టిగా కాలకపోతే గీతల్లోంచి నూనె ఊరి అలమారా పాడవుతుంది, తిట్లు నీకొస్తాయి.

1200 దగ్గర వేడి మొరాయిస్తోందన్నావు కదా, బర్నర్లు విప్పే ముందు సిలిండర్ల మీద మంచు పట్టిందేమో చూడు. పడితే ప్రెషర్ పడిపోయినట్టే. మామూలు నీళ్ల తొట్టిలో నిలబెట్టు, ఇంకో సిలిండర్ కూడా కలుపు, మంట మాత్రం చూపించకు. రిడక్షన్ నడిచినంతసేపూ షెడ్డు తలుపులు బార్లా తీసి ఉంచు, కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

నీ
రవి