తాకట్టు విడిపించిన రోజు, నన్ను నిలబెట్టిన వాళ్లకు కృతజ్ఞతలు

నిన్న బంగారం లోన్ మొత్తం తీర్చేశాను. బ్యాంకులో కవరు చింపి నా భార్య నల్లపూసల గొలుసు చేతిలో పెట్టారు. తూకం రాసిన చీటీ ఇంకా కొక్కేనికి దారంతో కట్టే ఉంది. తనకు చెప్పకుండా తాకట్టు పెట్టిన గొలుసు అది.

నాలుగేళ్లలో ఆప్షన్స్ ట్రేడింగ్‌లో, అంటే షేర్ మార్కెట్ పెరుగుతుందో పడుతుందో అని గడువు పెట్టుకుని కాసే పందెంలో, 18 లక్షలు పోగొట్టాను. డబ్బాశ అన్నారు అందరూ. ఆశ ఉండేది, కాదనను. కానీ లాభం వచ్చిన రోజున ఒక్క రూపాయి బయటికి తీసిన గుర్తు లేదు. ఆర్డర్ పెట్టాక అంకె ఎరుపు నుంచి పచ్చకు, పచ్చ నుంచి ఎరుపుకు మారుతుంటే గుండె దడదడలాడే ఆ నాలుగు నిమిషాలే నాకు కావాలి. ఒక గురువారం, అప్పట్లో ఆప్షన్ల గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజు అదే, మధ్యాహ్నం రెండు దాటాక ఐదు రూపాయల ఆప్షన్ యాభై అయింది. ఆ తర్వాత గురువారాలన్నీ దానికే బలి. భీమవరం దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి కత్తి కట్టిన పుంజు గాల్లోకి లేస్తే జనమంతా ఊపిరి బిగబట్టేవారు. ఇదీ అదే. కాకపోతే ఆ బరి మూడు రోజులకు ఎత్తేస్తారు, ఫోన్‌లో బరి సోమవారం నుంచి శుక్రవారం దాకా నడుస్తూనే ఉంటుంది.

2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ మూడు శాతం పైగా ఎగిసింది. లోన్ డబ్బుతో కాల్స్, అంటే నిఫ్టీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్లు, కొన్నాను. మర్నాడు ఓట్ల లెక్కింపు, నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది. అపార్ట్‌మెంట్ కింద టపాకాయలు కాలుస్తున్నారు. నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా పాప తలుపు కొట్టి "నాన్నా, లడ్డూ" అంది.

ఆ సెప్టెంబరులో షేర్ మార్కెట్ల మీద నిఘా పెట్టే సెబీ నివేదిక వచ్చింది. మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన మామూలు జనంలో 93 శాతం మందికి నష్టమే, పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. మిగతా 7 శాతంలో నేనుంటానని ఆ రోజే మళ్లీ ఆర్డర్ పెట్టాను. వరసగా నష్టాలొచ్చినా 75 శాతానికి పైగా మానలేదని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క నా కంటికి ఆనలేదు.

తర్వాత ఒక రాత్రి రెండింటికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడిన ఆ అమ్మ పేరు కూడా నాకు తెలియదు. "ఇంట్లో ఎవరికి చెప్పగలరు?" అని ఓపిగ్గా మళ్లీ మళ్లీ అడిగారు. అమ్మా, మీకు చేతులెత్తి నమస్కారం.

తెల్లారి బావమరిదికి చెప్పాను. మొదటి బస్సుకే వచ్చాడు. "బావా, ఇప్పుడు డబ్బిస్తే అదీ మార్కెట్‌కే పోతుంది. ముందు అప్పులన్నీ చెప్పండి, రాస్తాను" అని పాప పాత నోటుబుక్కు తీశాడు. కార్డులు, లోన్ యాప్‌లు, చేబదుళ్లు కలిపి రెండు పేజీలు నిండాయి. నీకెన్నిసార్లు చెప్పినా తక్కువే, తమ్ముడూ.

డాక్టరుగారూ, ఇది జబ్బని, మందూ మాటా రెండూ ఉన్నాయని మొదటి రోజే చెప్పారు. కొద్దిలో తప్పిపోయిన పందెం కూడా గెలుపులాగే మెదడును ఉసిగొల్పుతుందని మీరన్నాకే నా గురువారాలు నాకు అర్థమయ్యాయి.

నా భార్య పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు పక్కన కూర్చుని "అసలు ఇది ఎలా ఆడతారో చెప్పండి" అంది. గడువు దగ్గరపడే కొద్దీ మనం కొన్న ఆప్షన్ విలువ కరిగిపోతుందని చెప్తున్నాను. "అంటే మార్కెట్ కదలకపోయినా మనకే నష్టమా?" అంది. నాకు మాట రాలేదు. అప్పటి నుంచి జీతం తన అకౌంట్‌లోనే పడుతోంది. నిన్న గొలుసు ఇస్తే ఆ చీటీ విప్పి, దాచమని నాకే ఇచ్చింది.

ఇక నా స్నేహితుడు. ఎక్స్‌పైరీ మంగళవారానికి మారినప్పటి నుంచి ప్రతి మంగళవారం సరిగ్గా రెండింటికి ఫోన్ చేసి టీ కొట్టు దగ్గరికి రమ్మంటాడు. మూడున్నర దాకా కదలనివ్వడు. ఈరోజూ మంగళవారమే కదరా, వస్తున్నాను. టీ డబ్బులు మాత్రం ఈసారి నేనిస్తాను.