ఓడ టూర్ గురించి అందరూ ఒకసారి చదవండబ్బా

నిన్నటి నుంచి టూర్ ఎక్కడికి పోదామని ఎవరికి తోచింది వాళ్ళు గ్రూప్‌లో పెడతా ఉండారు, మాల్దీవులంట, అండమాన్ అంట. నాకు తెలిసి మనకు సరిపోయేది లక్షద్వీప్. కొచ్చిలో ఓడెక్కితే కవరత్తి, కల్పేని, మినికాయ్ మూడు దీవులూ చూపించే 'సముద్రం' అనే టూర్ ప్యాకేజీ ఉండాది, మొత్తం 5 రోజులు, పగలంతా దీవిలో తిరిగేది, రాత్రికి మళ్ళీ ఓడలోనే పడుకునేది, కాబట్టి లాడ్జీల కోసం పెట్టెలు మోసుకోని తిరిగే బాధ లేదు. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ ఉందిలే, అది మాత్రం నేను ఎక్కాల్సిందే.

తిరుపతి నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది, చిత్తూరోళ్ళు చిత్తూరులోనే ఎక్కేయొచ్చు, ఎర్నాకులం టౌన్‌లో దిగేస్తే సరి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకి సముద్రం పోటుమీద ఉంటాది, అందుకే పిల్లోళ్ళ ఎండాకాలం సెలవులు అని సాగదీయకుండా సంక్రాంతి అయినాక పోదాం అంటా ఉండా.

పర్మిట్ లేకుండా ఆ దీవుల్లోకి రానీరు, ఆధార్, ఫోటోలు ఈ ఆదివారంలోగా నాకు పర్సనల్‌గా పంపండి, గ్రూప్‌లో పెట్టొద్దు. ఇంకోటి, పెద్ద ఓడ గట్టు దాకా రాదు, నడిసముద్రంలో చిన్న బోటులోకి దిగాల, మోకాళ్ళ నొప్పులున్న పిన్నమ్మ వాళ్ళు ఇది చూసుకోని చెప్పండి. తిరుమల ఘాట్‌లోనే వాంతులు చేసుకునేవాళ్ళు (మామా, నిన్నే) డాక్టర్నడిగి మాత్రలు పెట్టుకోండి. పగడాలు ఏరుకోని తెస్తే కేసు పెడతారు, పిల్లోళ్ళకి ముందే చెప్పండి.

వచ్చేవాళ్ళు పేరు, ఎంతమందో పెట్టండి, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు.