దుబాయ్‌కి రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ నగరాలకు దూరం, విమాన సమయం అంటూ ఆదివారం మీరు వేసిన పట్టిక చూశాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్ళడానికి రెండున్నర గంటలు, తిరిగి రావడానికి ఐదు గంటలు అని ఉంది. అదే దారి, అవే విమానాలు, మరి రావడానికి రెట్టింపు సమయం ఎందుకు పడుతుందని అచ్చు వేసే ముందు ఒక్కరికైనా అనుమానం రాలేదా?

టికెట్ మీద బయల్దేరే టైమ్ ఇక్కడిది, దిగే టైమ్ అక్కడిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. రాత్రి పదికి శంషాబాద్‌లో ఎక్కితే అక్కడి టైమ్ ప్రకారం పన్నెండున్నరకు దిగుతారు, కానీ గాలిలో, రన్‌వే మీద కలిపి గడిచేది దాదాపు నాలుగు గంటలు. మీవాళ్ళు టికెట్ మీది ఆ రెండు టైమ్‌లను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి వేశారు. అసలు సంగతి మీ పట్టికకు పూర్తిగా తలకిందులు: రావడానికే తక్కువ పడుతుంది, ఇంచుమించు మూడున్నర గంటలు. పైన పడమర నుంచి తూర్పుకు వీచే గాలి, ముఖ్యంగా చలికాలంలో, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వెళ్ళేటప్పుడు ఎదురవుతుంది.

దూరం 2,550 కిలోమీటర్లు అని వేశారు, అది సరే. కానీ దాన్ని విమానం వేగంతో భాగించి మూడు గంటల లోపే అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. పైకి లేవడం, దిగడం, రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, దిగే వంతు కోసం ఆగడం, ఇవన్నీ ఆ లెక్కలో ఎక్కడున్నాయి?

గల్ఫ్ అంతా ఒకటే టైమ్ అనుకోవడం ఇంకో పొరపాటు. దుబాయ్, మస్కట్‌లకు మనతో తేడా గంటన్నర. దోహా, కువైట్, రియాద్‌లకు రెండున్నర గంటలు.

ఇంత చిన్నదానికి ఉత్తరమా అనకండి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు వెతకాలి. మా దగ్గర్నుంచి శంషాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైన, దారిలో ట్రాఫిక్ తగిలితే ఆ కారు ప్రయాణమే విమానం కంటే ఎక్కువ. రాత్రి పదకొండు గంటలకు దుబాయ్‌లో ఎక్కిన కొడుకు తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ దిగుతాడు, అప్పటికి తేదీ మారిపోతుంది. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర ఫ్లైట్ అయితే మరీ టెన్షన్, 15వ తేదీ అని ఉంటే 14 సాయంత్రమే బయల్దేరాలి. తెలియక ఒక రోజు ఆలస్యంగా ఎయిర్‌పోర్టుకు పోయి టికెట్ డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

రెండు చోట్ల టైమ్, తేదీ, అసలు ప్రయాణానికి పట్టే గంటలు విడివిడిగా వేయండి. సవరణ కూడా ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో కాకుండా, పట్టిక వేసిన చోటే వేయండి.

- ఒక పాఠకుడు, జగిత్యాల