వాకిట్లో కాస్త మట్టి ఉండనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ వేసవిలో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు ఒక ఆదివారం సొనోమా అనే ఊరికి తీసుకెళ్లింది. వైన్‌కి పేరున్న ఊరు. మనకి అలవాటు లేనిది, అక్కడ మనకేం పని అన్నాను. ఊరు చూద్దువు రామ్మా అంది. తిరుపతికి తిరిగొచ్చి నెల దాటినా ఆ ఊరి వాకిళ్లే కళ్లలో మెదులుతున్నాయి, అందుకే ఈ ఉత్తరం.

ఊరి నడుమ ఎనిమిది ఎకరాల ప్లాజా ఉంది, 1835లో ఊరు కట్టేటప్పుడే వదిలిన జాగా. చెట్లు, గులాబీలు, బాతులు ఈదే కుంట. అది చూసుకుని పక్క వీధుల్లో నడిచాం. అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా వాన దాదాపు పడదు, అయినా ఇళ్ల ముందు అన్ని పూలెలా ఉన్నాయా అని వంగి చూస్తే, చాలా ఇళ్లలో లాన్ లేదు. లావెండర్, సాల్వియా, రోజ్‌మేరీ లాంటి ఎండకి ఓర్చుకునే మొక్కలు, వాటి మొదళ్ల చుట్టూ మందంగా పరిచిన చెక్కపొట్టు, దాని కింద సన్నటి డ్రిప్ పైపు. మట్టికి నేరుగా ఎండ తగలదు కాబట్టి తడి నిలుస్తుంది, కలుపూ తక్కువే. ద్రాక్ష తోటల్లో వరుసల చివర గులాబీ మొక్కలు కనిపిస్తే అందం కోసమేమో అనుకున్నాను. బూడిద తెగులు వచ్చే వాతావరణం ఉంటే ముందు గులాబీ ఆకుల మీద తెలుస్తుందని, దాన్ని చూసి రైతు జాగ్రత్త పడేవాడని, అది పాతకాలపు పద్ధతని మా అమ్మాయి చెప్పింది.

అక్కడి నుంచి శాంటా రోసా వెళ్లాం. లూథర్ బర్బాంక్ తోట అక్కడే. 1875లో ఆ ఊరొచ్చి, 1926లో చనిపోయే దాకా 800కి పైగా కొత్త రకాల మొక్కలు తయారుచేసిన మనిషి. పరమహంస యోగానందకి స్నేహితుడు కూడా. ఆయన పుట్టినరోజు మార్చి 7న ఆ రాష్ట్రమంతా మొక్కలు నాటే పండగ చేసుకుంటారు. ఆ తోటలో నన్ను కదలకుండా నిలబెట్టింది మాత్రం ముళ్లు లేని జెముడు. ఎండు నేలల్లో పశువులకి మేతగా పనికొస్తుందని దాని మీద ఏళ్ల తరబడి కష్టపడ్డాడట. కరువు సంవత్సరాల్లో గడ్డి దొరక్క మా నాన్న ఎద్దుల్ని సంతకి తోలిన రోజులు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

మన ఎండల సంగతి మీకు చెప్పాలా? అయినా కొత్త లేఔట్లలో ఇంటి ముందు జానెడు మట్టి కనబడితే చాలు, దుమ్మనీ పురుగులనీ సిమెంటు వేసేస్తున్నాం. పార్కు అంటే లాన్ అనే అనుకుంటున్నాం. మా వీధి చివర అలాగే వేశారు, ట్యాంకరు రావడం ఆగిన పది రోజులకే గడ్డంతా మాడిపోయింది. మన దగ్గర మొక్కలకేం తక్కువ? నందివర్ధనం, కాగితం పూలు, బిళ్లగన్నేరు, ఒకసారి వేరు పట్టాయంటే మన ఎండల్ని తట్టుకుంటాయి. (ఎర్ర గన్నేరూ తట్టుకుంటుంది కానీ అది విషం, పిల్లలూ పశువులూ తిరిగే చోట పెట్టకండి.) చెక్కపొట్టు కొనక్కర్లేదు, రోజూ పొద్దున్నే ఊడ్చి కుప్పేసి కాల్చే ఆకులే మొదళ్లలో వేస్తే సరిపోతుంది. దయచేసి ఆ ఆకులు కాల్చకండి, పొగకి పక్కింటి ముసలివాళ్లు ఊపిరాడక అవస్థ పడుతున్నారు.

పార్కులు వేసే అధికారులు కూడా ఈసారి లాన్ బదులు ఇలాంటి మొక్కలు పెట్టి చూడాలి. నేనైతే వచ్చిన వారానికే మా గేటు పక్కన ముగ్గుకి జాగా వదిలి మిగతా సిమెంటు పగలగొట్టించాను. రెండు నందివర్ధనాలు, ఒక కాగితం పూల తీగ పెట్టాను. అక్టోబరు వానలు మొదలయ్యే లోపు మా వీధిలో ఇంకో మూడిళ్ల వాళ్లు పగలగొట్టిస్తామన్నారు.

- ఒక పాఠకురాలు, తిరుపతి