ఇంటి చదువు కాగితం: అడిగినంతే రాయండి

సంపాదకులకు,

న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలకు జూలై, ఆగస్టు కాగితాల నెలలు. అందరూ హడలిపోయే కాగితం ఐహెచ్‌ఐపీ. ఏడాది పొడవునా పిల్లకు ఏం చెబుతారో స్కూల్ డిస్ట్రిక్టుకు రాసిచ్చే బోధనా ప్రణాళిక అది. తక్కువ రాసి ఇబ్బందిపడేవాళ్ల కంటే ఎక్కువ రాసి ఇరుక్కునేవాళ్లే మనవాళ్లలో ఎక్కువ. బీఈడీ లెసన్ ప్లాన్ రాసినట్టు తేదీలు, పేజీలు, లక్ష్యాలు నింపేసి కట్టలు కట్టలు పంపుతారు. రాష్ట్ర నిబంధన, సెక్షన్ 100.10, అంత అడగదు.

వరస ఇది. జూలై 1 లోగా స్కూల్ డిస్ట్రిక్టు సూపరింటెండెంటుకు లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇవ్వాలి. ఏడాది మధ్యలో మొదలుపెడితే 14 రోజుల్లో ఇవ్వాలి. ఫలానా పిల్లను ఈ విద్యా సంవత్సరం ఇంట్లో చదివిస్తామని రెండు వాక్యాలు చాలు. కారణాలు అడగరు, చెప్పొద్దు. ఉత్తరం అందిన 10 పనిదినాల్లో డిస్ట్రిక్టు వాళ్లు నిబంధన ప్రతి, ఫారం పంపుతారు. అవి చేతికొచ్చిన నాలుగు వారాల్లోగా గానీ ఆగస్టు 15 లోగా గానీ, ఏది తర్వాతైతే అప్పటికి, ఐహెచ్‌ఐపీ చేరాలి. అన్నీ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి.

అందులో ఉండాల్సినవి: పిల్ల పేరు, వయసు, గ్రేడు, ప్రతి తప్పనిసరి సబ్జెక్టుకు సిలబస్ గానీ, పుస్తకాల జాబితా గానీ, బోధన పథకం గానీ, నాలుగు క్వార్టర్లీ రిపోర్టులు ఇచ్చే తేదీలు, చదువు చెప్పేవాళ్ల పేర్లు. ఆ ‘గానీ’ని చాలామంది ‘కూడా’ అని చదువుకుంటారు. పుస్తకాల జాబితా ఇచ్చాక పథకం వేరే అక్కర్లేదు.

ఒకటి నుంచి ఆరో గ్రేడు దాకా సబ్జెక్టులు పన్నెండు: లెక్కలు, చదవడం, స్పెల్లింగ్, రాయడం, ఇంగ్లిష్ భాష, భూగోళం, అమెరికా చరిత్ర, సైన్సు, ఆరోగ్యం, సంగీతం, చిత్రకళ, వ్యాయామం. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు ఈఎస్ఎల్, అంటే ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పడం, కలుస్తుంది. నాలుగో గ్రేడు పిల్లకు లెక్కల కింద “సింగపూర్ మ్యాథ్ 4ఏ, 4బీ, లేదా వాటికి సమానమైనవి” అన్న ఒక్క వరుస సరిపోతుంది. సైన్సుకు “వాతావరణం, మొక్కలు, విద్యుత్తు; లైబ్రరీ పుస్తకాలు, ఇంట్లో చేసే ప్రయోగాలు” అంటే చాలు. సంగీతానికి కర్ణాటక గాత్రం, సరళీ స్వరాల నుంచి గీతాల దాకా. వ్యాయామానికి ఈత, కూచిపూడి. చిత్రకళ కింద చుక్కల ముగ్గులు రాసినా కాదనే నిబంధన ఏదీ లేదు. తెలుగు మాత్రం తప్పనిసరి జాబితాలో లేదు. ఇంట్లో రోజూ చెప్పండి, ఐహెచ్‌ఐపీలోకి ఎక్కించకండి. ఎక్కిస్తే దానికీ ప్రతి క్వార్టరుకూ లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఎక్కువ రాస్తే ఎక్కడ తగులుతుందంటే, ఆ క్వార్టర్లీ రిపోర్టు దగ్గరే. అందులో చెప్పిన గంటలు, ప్రతి సబ్జెక్టులో నడిచిన పాఠాలు, గ్రేడు లేదా నాలుగు మాటల్లో అంచనా ఇవ్వాలి. ఏ సబ్జెక్టులోనైనా ఆ క్వార్టరుకు ప్రణాళికలో రాసినదానిలో 80 శాతం పూర్తికాకపోతే ఎందుకో రాతపూర్వకంగా వివరించాలి. పన్నెండు పాఠాల పుస్తకాన్ని క్వార్టరుకు మూడేసి చొప్పున పంచి రాశారనుకోండి. మధ్యలో అమ్మమ్మగారి ఊరు వెళ్లొచ్చేసరికి రెండే అయ్యాయి. అంటే 67 శాతం, వివరణ తప్పదు. పాఠాలను క్వార్టర్లకు పంచకుండా పుస్తకం పేరు ఏడాది మొత్తానికి రాసి ఉంటే ఈ తలనొప్పి చాలావరకు ఉండేది కాదు.

గంటలు ఆరో గ్రేడు వరకు ఏడాదికి 900, ఏడు నుంచి 990. 180 రోజులకు పంచితే రోజుకు అయిదు, అయిదున్నర. లైబ్రరీ, మ్యూజియం, సంగీతం క్లాసు, వంటింట్లో కప్పులతో భిన్నాలు చెప్పిన అరగంట కూడా ఇందులోకే వస్తాయి. హాజరు పట్టీ ఇంట్లో ఉంచుకుని, అడిగితే ఇవ్వాలి. ఏడు, ఎనిమిది గ్రేడుల్లో ‘యూనిట్’ అన్న మాట చూసి భయపడతారు. అది బోధన సమయానికి ఒక కొలత, ఏడాదికి 6,480 నిమిషాలు, అంటే 180 రోజులు రోజుకు 36 నిమిషాలు.

ఇంత రాసినవాళ్లూ మరచిపోయే వరుస ఒకటుంది. పన్నెండు సబ్జెక్టులకు తోడు దేశభక్తి, పౌరసత్వం. మద్యం, మత్తుమందులు, పొగాకు దుర్వినియోగం. సైకిలు సహా రోడ్డు భద్రత. అగ్నిప్రమాదాల నివారణ కూడా చెప్పాలి. ఒక్క వాక్యంతో పోయేదానికి ప్రణాళిక వెనక్కి తెప్పించుకోవద్దు. లోపాలుంటే డిస్ట్రిక్టు ఉత్తరం పంపుతుంది. అది అందిన 15 రోజుల్లోగా గానీ సెప్టెంబర్ 15 లోగా గానీ, ఏది తర్వాతైతే అప్పటికి, సరిచేసి ఇవ్వొచ్చు. వేలు పెట్టి చూపినదాన్నే దిద్దండి, మిగతాది కదపకండి.

వాట్సాప్‌లో తిరిగే నమూనాలతో మరో గొడవ, అవి ఏ రాష్ట్రానివో ఎవరూ చూడరు. వర్జీనియా ఆగస్టు 15 లోగా అడిగేది ఆ ఏడాది చెప్పే సబ్జెక్టుల జాబితా, తల్లిదండ్రుల అర్హతకు ఒక రుజువు, అంతే. అక్కడ ఒక కౌంటీ జనన ధ్రువపత్రం, నివాస రుజువు కూడా తెమ్మంటే, ఆ అధికారం స్థానిక బోర్డుకు లేదని 2019లో వర్జీనియా సుప్రీంకోర్టు చెప్పింది. పెన్సిల్వేనియాలో అఫిడవిట్‌తో పాటు సబ్జెక్టులవారీ లక్ష్యాలు ఇవ్వాలి. న్యూజెర్సీలో ముందస్తు నోటీసే అక్కర్లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్‌కు మారిన కుటుంబం “మేమెప్పుడూ ఏమీ ఇవ్వలేదు” అని కూర్చుంటే 14 రోజుల గడువు దాటిపోతుంది.

నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ట్యూటర్‌ను పెట్టుకోవడం మనవాళ్లకు ఇష్టం. సంగీతానికో సైన్సుకో అయితే పర్వాలేదు. చదువులో ఎక్కువ భాగం ఆ ట్యూటరే గుంపుగా చెబితే న్యూయార్క్ దాన్ని ఇంటి చదువుగా లెక్కించదు, ప్రైవేటు బడి అంటుంది.

ఏడాది చివరి అంచనా నాలుగో రిపోర్టుతో పాటు వెళ్లాలి. ప్రామాణిక పరీక్షలో మొత్తం స్కోరు 33వ పర్సంటైల్ పైన, అంటే వందమందిలో 33 మంది కంటే మెరుగ్గా, ఉండాలి, లేదా కిందటేటి పరీక్ష కంటే ఒక విద్యా సంవత్సరపు ఎదుగుదల కనబడాలి. పరీక్ష బదులు రాతపూర్వక అంచనా ఒకటి నుంచి మూడో గ్రేడు వరకు ఏటా ఇవ్వొచ్చు. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏడాది విడిచి ఏడాదే. నాలుగో గ్రేడులో అంచనాతో సరిపెట్టినవాళ్లు అయిదో గ్రేడులో పరీక్షకు ముందే ఏర్పాటు చేసుకోవాలి.

— ఇంటి చదువుల కాగితాలు చూసిపెట్టే తెలుగు తల్లులు,
ఆల్బనీ, న్యూయార్క్