సత్తీ, ఆ 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనకు

భీమవరం

ఒరేయ్ సత్తీ,

ఉత్తరం అందింది. నెట్‌వర్క్ నుంచి పాటలు వినిపించే మన స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్‌కి దాని అడాప్టర్ తీసేసి, నాలాగే లీనియర్ సప్లై, అంటే ట్రాన్స్‌ఫార్మరుతో 5 వోల్టులిచ్చే డబ్బా, కట్టుకుంటానన్నావు, శుభం. లాజిటెక్ వాళ్ళు 2012లోనే ఆ వరుస ఆపేశారు కాబట్టి ఉన్నదాన్నే బతికించుకోవాలి. కానీ 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి డబ్బులిచ్చే ముందు ఇది చదువు.

మీ ముమ్మిడివరం వైపయినా మా వైపయినా కథ ఒకటే కదా. చీకటి పడితే చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గుతుందని నీళ్ళు చిలికే ఏరియేటర్లన్నీ అందుకుంటాయి, కరెంటు వోల్టేజి పడిపోయి ఇంట్లో ఫ్యాను నీరసపడుతుంది. మీటరు పెడితే 180 వోల్టులే చూపించిన రాత్రులున్నాయి. మనం పాటలు వినేది ఆ వేళకే! సర్క్యూట్ గీసినవాడికి 230 అంటే 230. మనకి కాదురా.

లెక్క చూడు. 230 దగ్గర 9 వోల్టులిచ్చేది 180 దగ్గర 7 ఇస్తుంది. శిఖరం దాదాపు 10, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఒకటిన్నర తినేస్తే మిగిలేది ఎనిమిదిన్నర. 4700 మైక్రోఫారాడ్ల కండెన్సరు, ఒక ఆంపియర్ లోడు అనుకుంటే సెకనుకి వందసార్లు వచ్చే అలలో ఇంకో రెండు వోల్టుల దాకా జారిపోతుంది. వోల్టేజిని 5 దగ్గర నిలబెట్టే 7805 రెగ్యులేటర్‌కి లోపలికి 7 వోల్టులైనా ఉండాలి. లేకపోతే ఆ హమ్మంతా తిన్నగా ప్లేయర్‌లోకే. అడాప్టర్ చెడ్డదని తీసేసి అంతకన్నా చెడ్డదాన్ని పెట్టుకున్నట్టు! అడాప్టరైతే 100 నుంచి 240 దాకా దేన్నయినా భరిస్తుంది, ఆ మర్యాద దానికివ్వాలి.

కాబట్టి 12 వోల్టులు, 3 ఆంపియర్లు. బజార్లో దొరక్కపోతే మోటార్లు వైండింగ్ చేసే షాపులో చుట్టించు, మేం అలాగే చుట్టించాం. కండెన్సరు 10,000 మైక్రోఫారాడ్లది పెట్టు. అప్పుడు 180లో కూడా రెగ్యులేటర్‌కి పుష్కలం. బాధల్లా వేడి. మామూలు వోల్టేజిలో ఒక ఆంపియర్‌కి తొమ్మిది వాట్లకి పైనే వృథాగా పోతుంది, చిన్న రేకు ముక్క ఆగదు. రెక్కలున్న పెద్ద హీట్‌సింక్ పెట్టి, డబ్బాకి పైనా కిందా చిల్లులు కొట్టు. నాది గంటసేపు పాడాక చెయ్యి పెడితే కాఫీ గ్లాసంత వెచ్చగా ఉంటుంది, అంతే.

మరి ఇంత యాతన దేనికంటే, చెప్తా. పాత అడాప్టర్ ఉన్నప్పుడు ఆంప్లిఫయర్‌లో గుచ్చే ఆడియో వైరు పిన్ను పీకి చేత్తో పట్టుకుంటే వేలికి జివ్వుమనేది, గుర్తుందా? రెండు పిన్నుల అడాప్టర్లలో మెయిన్స్ వైపు నుంచి ఇటువైపుకి ఒక చిన్న కండెన్సరు ఉంటుంది, దాని గుండా కొద్దిగా లీకవుతుంది. ప్రమాదమేం లేదు గానీ ఆ లీకేజి ఆడియో వైరు మీదుగానే ఆంప్లిఫయర్‌లోకి దారి వెతుక్కుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక ఆ జివ్వు పోయింది. నాకైతే అసలు లాభం అదే.

సినిమా పాటల్లో తేడా వెతక్కు, దొరకదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టు. మన ద్రాక్షారామం ఆయనే కదా! తీగ మీటాక నాదం సన్నబడుతూ పోయే చోట విను. ఇదివరకు ఆ చివర సన్నని రొద కింద మునిగిపోయేది, ఇప్పుడు పూర్తిగా వినబడుతోంది. బాసు పెరిగింది, గొంతు తియ్యనైంది అనేవాళ్ళ మాటలు నమ్మకు, ఖర్చు పెట్టిన మనిషి చెవికి అన్నీ తియ్యగానే ఉంటాయి. మా ఆవిణ్ణి చాటుగా వైర్లు మార్చమని పరీక్ష పెట్టుకున్నా. వీణలో కనిపెట్టాను. ఆర్కెస్ట్రా పాటల్లో బొమ్మా బొరుసే.

ఒకటి మాత్రం హాస్యం కాదు. ట్రాన్స్‌ఫార్మరుకి ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ వచ్చే వైపు, ఫ్యూజు తప్పనిసరి, ఇనప డబ్బా అయితే మూడో పిన్నుకి ఎర్త్ కట్టు. ప్లేయర్‌కి తగిలించే ముందు ప్లేయర్ బదులు ఏదో ఒక ఉత్తుత్తి లోడు తగిలించి 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడు, రాత్రి ఏరియేటర్లు తిరిగే టైములో ఇంకోసారి చూడు.

నా దగ్గర హీట్‌సింక్ ఇంకొకటి ఉంది, మీ బావ ఈ వైపు వస్తే ఇచ్చి పంపిస్తా. డయోడ్లు మాత్రం నువ్వే కొనుక్కో, 3 ఆంపియర్లవి.

ఇట్లు
నీ రాజు